రీసెట్ చేశాక లేవని ఆఫీసు ఫోన్: ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది

“రీసెట్ కొట్టినాము సార్, అప్పట్నుంచి ఫోన్ లేస్తాలేదు.” అనంతపురంలో ఆఫీసు ఫోన్లు, నెట్‌వర్క్ పనులు చూసే టెక్నీషియన్లకు ఈ మాట బాగా అలవాటు. సాయినగర్‌లో ఒక ఆసుపత్రి రిసెప్షన్ కావచ్చు, తాడిపత్రిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ అకౌంట్స్ గది కావచ్చు, ఏదో కాలేజీలో ప్రిన్సిపాల్ టేబుల్ కావచ్చు. మాట తెగి తెగి వినిపిస్తోందనో, ఎక్స్‌టెన్షన్ నంబర్ మార్చాలనో, పాత పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదనో ఫోన్‌ను రీసెట్ చేస్తారు. ఆ తర్వాత స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. లేదంటే కంపెనీ గుర్తు వచ్చి అక్కడే నిలబడిపోతుంది. లేదంటే వెలగడం, ఆరడం, మళ్లీ వెలగడం, అదే తిరుగుడు.

ఇక ఫోన్ పోయింది, కొత్తది కొనాల్సిందే అన్న నిర్ణయం తొందరగా వచ్చేస్తుంది. చాలాసార్లు ఆ నిర్ణయం తప్పు. ఫోన్‌లో ఏ లోపమూ ఉండదు. లేవడానికి దానికి కావలసినది ఏదో ఆఫీసు నెట్‌వర్క్ నుంచి అందడం లేదు, అంతే. రీసెట్‌కు ముందు ఆ సంగతిని ఫోనే తన మెమరీలో దాచుకుని రోజులు నెట్టుకొచ్చింది. రీసెట్‌తో ఆ జ్ఞాపకం పోయింది, ఆఫీసులో ఎప్పటినుంచో ఉన్న లోటు బయటపడింది. అందుకే ఫోన్‌ను ఎలా లేపాలి అని కాక, లేచే దారిలో ఎక్కడ ఆగింది అని ముందు అడగాలి.

ఇక్కడ చెప్పేదంతా ఐపీ ఫోన్ గురించి. అంటే కంప్యూటర్‌కు పెట్టే ల్యాన్ కేబులే వెనక ఉండే ఫోన్. సన్నటి రెండు తీగల వైరుతో ఇంటర్‌కామ్ పెట్టెకు, అంటే ఈపీఏబీఎక్స్‌కు కలిసే ఫోన్ల సంగతి వేరు. వాటి ఎక్స్‌టెన్షన్ నంబర్, సెట్టింగులు చాలావరకు ఆ పెట్టెలోనే ఉంటాయి. డిజిటల్ ఇంటర్‌కామ్ ఫోన్ లేవకపోతే, అదే రకం ఫోన్ పనిచేస్తున్న ఇంకో టేబుల్ దగ్గరికి తీసుకెళ్లి పెట్టి చూస్తే తప్పు ఫోన్‌దా, లైనుదా అన్నది అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

రీసెట్ అనే ఒక్క మాటకు నాలుగు అర్థాలు

కరెంటు తీసి పెట్టడాన్నీ రీసెట్ అంటారు. నెట్‌వర్క్ సెట్టింగులు మాత్రమే చెరిపేయడాన్నీ రీసెట్ అంటారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి స్థితికి తీసుకెళ్లడాన్నీ రీసెట్టే అంటారు. కొన్ని పాత మోడళ్లలో ఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌నే, అంటే ఫర్మ్‌వేర్‌నే తుడిచేసే రీసెట్ ఇంకొకటి ఉంది. ఫోన్ చేసిన మనిషి వీటిలో ఏది చేశాడన్నది తెలియకుండా ముందుకు పోతే చీకట్లో తడుముకోవడమే. “ఏం నొక్కావు, ఎంతసేపు నొక్కావు, అప్పుడు ఏ లైటు వెలిగింది” అని నిదానంగా అడగాలి. మందలించే గొంతుతో అడిగితే జవాబు సరిగా రాదు. తప్పు తన మీదికి వస్తుందన్న టెన్షన్‌లో మనిషి సగం దాచేస్తాడు, ఆ దాచిన సగంలోనే అసలు సంగతి ఉంటుంది.

ఏ రీసెట్ చేసినా పోనిది ఒకటుంది. అది ఫోన్ అడుగున స్టిక్కర్ మీద 12 అక్షరాలు, అంకెలతో రాసి ఉండే మ్యాక్ అడ్రస్. ఫ్యాక్టరీ రీసెట్ అయిన ఫోన్‌కు తన గురించి తెలిసింది ఆ పేరొక్కటే. తను ఏ ఊళ్లో ఉందో, ఎవరి టేబుల్ మీద ఉందో, ఏ సర్వర్‌తో మాట్లాడాలో దానికి తెలియదు. బదిలీ మీద కొత్త ఆఫీసుకు వచ్చిన ఉద్యోగిలా ఒక్కొక్కరినీ అడుగుతూ పోతుంది. ముందు కరెంటు కావాలి. తర్వాత తన సాఫ్ట్‌వేర్ లోడు కావాలి. ఆపైన నెట్‌వర్క్‌లో ఏ గుంపులో చేరాలో, తన ఐపీ అడ్రస్ ఏమిటో, తన సెట్టింగుల ఫైల్ ఎక్కడుందో తెలుసుకోవాలి. చివరికి ఎక్స్‌టెన్షన్ నంబర్, పాస్‌వర్డ్ చూపించి సర్వర్ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. ఈ వరుసలో ఎక్కడ జవాబు రాకపోతే అక్కడే ఆగుతుంది. బయటి నుంచి చూసేవాళ్లకు మాత్రం అన్నీ ఒకటే: ఫోన్ లేవలేదు.

స్క్రీన్ నల్లగా ఉంటే ముందు కరెంటు సంగతి

లైటు కూడా వెలగని ఫోన్‌ను చూడగానే రీసెట్‌ను తిట్టుకోవడం సహజం. కానీ రీసెట్ తర్వాత వచ్చిన ప్రతి తిప్పలూ రీసెట్ వల్ల వచ్చింది కాదు. రీసెట్ చేసేటప్పుడు ఫోన్‌ను తిరగేసి, వైర్లు పీకి, మళ్లీ పెట్టి ఉంటారు. అక్కడే పొరపాటు జరిగి ఉండొచ్చు.

ఫోన్ వెనక్కి తిప్పి చూస్తే పక్కపక్కనే రెండు చదరపు పోర్టులు కనిపిస్తాయి. రెండింటి సైజూ ఒకటే, రెండింటిలోనూ అదే క్లిప్పు టక్కుమని పడుతుంది. ఒకదాని పక్కన ప్లాస్టిక్ మీదే చెక్కినట్టు చిన్న అక్షరాలతో ల్యాన్ అనో, ఇంటర్నెట్ అనో ఉంటుంది, లేదా నెట్‌వర్క్ బొమ్మ ఉంటుంది. రెండోదాని పక్కన పీసీ అనో, కంప్యూటర్ బొమ్మో ఉంటుంది. నల్ల ప్లాస్టిక్ మీద నల్ల అక్షరాలు. టేబుల్ కింద వెలుతురు లేని చోట చేతి తడుముడుతో పెట్టేస్తే, గోడ నుంచి వచ్చే కేబుల్ పీసీ పోర్టులోకి పోతుంది. కేబుల్ ద్వారానే కరెంటు తీసుకునే ఫోన్ అయితే ఆ పోర్టు నుంచి తీసుకోదు. ఫోన్ అలా నల్లగా కూర్చుంటుంది. సెల్‌ఫోన్ టార్చ్ వేసి ఈ రెండు పోర్టులనూ చూడటం అన్నింటికంటే ముందు చేయాల్సిన పని. ఇది చూడకుండానే ఫోన్‌ను వారంటీకి పంపేస్తే పోను రాను రోజులు దండగ.

ల్యాన్ కేబుల్ మీదే కరెంటు పంపే పద్ధతిని పీఓఈ అంటారు. దీనికి 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ అనే ప్రమాణం ప్రకారం స్విచ్, అంటే ఆఫీసు ల్యాన్ కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె, ఒక పోర్టుకు గరిష్ఠంగా 15.4 వాట్లు ఇస్తుంది. తీగల్లో పోయింది పోగా ఫోన్‌కు 12.95 వాట్ల దాకా చేరుతుంది. 2009లో వచ్చిన 802.3ఏటీలో స్విచ్ వైపు 30 వాట్లు. ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ప్రమాణం పాటించే స్విచ్ గుడ్డిగా కరెంటు వదలదు. ముందు చిన్న వోల్టేజీతో అవతల ఎవరున్నారో తట్టి చూస్తుంది. ఫోన్ లోపల 25 కిలో ఓమ్‌ల నిరోధం కనిపిస్తేనే ఇది కరెంటు తీసుకునే పరికరమని నమ్మి, 48 వోల్టుల ప్రాంతంలో కరెంటు ఇస్తుంది. కేబుల్‌లో ఒక తీగ సగం తెగినా, కేబుల్ చివర క్లిప్పులో తీగలు బిగించే క్రింపింగ్ వదులైనా ఈ తట్టి చూడటం దగ్గరే వ్యవహారం ఆగిపోతుంది.

మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే తప్పు ఒకటుంది. ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్ నెట్‌కు నాలుగు తీగలు చాలు. దాంతో కేబుల్ కొరత వచ్చినప్పుడు ఒకే కేబుల్‌ను చీల్చి నాలుగు తీగలు ఒక కంప్యూటర్‌కు, నాలుగు తీగలు ఇంకో కంప్యూటర్‌కు ఇచ్చేస్తారు. కంప్యూటర్లకు ఏ ఇబ్బందీ తెలియదు. ఆ పాయింటుకు ఐపీ ఫోన్ పెడితే తెలుస్తుంది. పీఓఈ కరెంటును కొన్ని స్విచ్‌లు డేటా పోయే జతల మీద పంపుతాయి. కేబుల్‌లోకి కరెంటు ఎక్కించడానికి విడిగా అమ్మే పెట్టెల్లో, అంటే ఇంజెక్టర్లలో చాలావరకు మిగిలిన రెండు జతల మీద పంపుతాయి. ఆ మిగిలిన జతలు పక్క కంప్యూటర్‌కు పోయి ఉంటే ఫోన్‌కు కరెంటు ఎక్కడిది? రీసెట్ చేసేటప్పుడు ఫోన్‌ను అడాప్టర్ తీసేసి వేరే టేబుల్‌కు మార్చిన ఆఫీసుల్లో ఇది తప్పక చూడాలి.

అడాప్టర్ వాడే చోట ప్రమాదం ఇంకా ఎక్కువ. యీలింక్ టీ సిరీస్ ఫోన్లు చాలావరకు 5 వోల్టుల అడాప్టర్‌తో నడుస్తాయి. సిస్కో 7900 సిరీస్ ఫోన్లకు 48 వోల్టుల అడాప్టర్. వైఫై రూటర్ అడాప్టర్ ఎక్కువగా 12 వోల్టులు. ఆఫీసు డ్రాయర్‌లో ఇవన్నీ ఒకదానితో ఒకటి చుట్టుకుని పడి ఉంటాయి, పిన్ను దూరితే సరిపోయినట్టే అనుకుంటారు. 5 వోల్టుల ఫోన్‌కు 12 వోల్టులు ఇస్తే లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు. అప్పుడు మాత్రం అది నిజంగానే చనిపోయిన ఫోన్. అడాప్టర్ మీద అవుట్‌పుట్ అని రాసిన చోట వోల్టులు, ఫోన్ అడుగున రాసిన వోల్టులు అంకెకు అంకె సరిపోవాలి. ఆంపియర్లు అడాప్టర్ మీద ఎక్కువ ఉన్నా ఫర్వాలేదు, తక్కువ ఉంటే ఫోన్ స్క్రీన్ వెలిగే క్షణానికి చాలక మళ్లీ ఆరిపోతుంది. వెలిగి ఆరి వెలిగే తిరుగుడుకు ఒక కారణం ఇదే.

పీఓఈ స్విచ్‌కూ ఒక హద్దు ఉంటుంది. మొత్తం పోర్టులన్నింటికీ కలిపి అది ఇన్ని వాట్లే ఇవ్వగలదు. 120 వాట్ల స్విచ్ అనుకుందాం. తనకు ఎంత కరెంటు కావాలో తెలిపే తరగతి చెప్పుకోని ఫోన్‌కు చాలా స్విచ్‌లు 15.4 వాట్లు పక్కన పెట్టేస్తాయి, ఫోన్ నిజంగా వాడుకునేది అందులో సగం కూడా లేకపోయినా. ఆ లెక్కన 7 ఫోన్లకు 107.8 వాట్లు అయిపోతాయి, ఎనిమిదోదానికి చాలదు. రీసెట్ చేసిన ఫోన్ కేబుల్ పీకిన సమయంలో కొత్త వైఫై యాక్సెస్ పాయింటో, సీసీ కెమెరానో ఆ వాటా తీసేసుకుంటే, ఫోన్ తిరిగి వచ్చేసరికి దాని చోటు ఉండదు. స్విచ్‌లోకి లాగిన్ అయి ఏ పోర్టు ఎన్ని వాట్లు తీసుకుంటోందో చూస్తే ఇది క్షణంలో తెలుస్తుంది. లాగిన్ లేని చిన్న స్విచ్ అయితే ఒక కెమెరా కేబుల్ పీకి చూడటమే పరీక్ష.

ఎండాకాలం చివర్లో ఈదురుగాలి, ఉరుములు, పిడుగులు, వాటితో పాటు కరెంటు పోయి రావడం రాయలసీమలో ఏటా ఉండేదే. రెండు బిల్డింగుల మధ్య మిద్దె మీదుగా లాగిన ల్యాన్ కేబుల్ పిడుగు పడ్డప్పుడు దగ్గర్లోని విద్యుత్ తాకిడిని మోసుకొస్తుంది. స్విచ్ పోర్టుతో పాటు ఫోన్ పీఓఈ భాగం కూడా దెబ్బతినొచ్చు. అలాంటి ఫోన్ సరైన అడాప్టర్ పెడితే మామూలుగా లేస్తుంది, కేబుల్ కరెంటుతో మాత్రం లేవదు. ఆ ఫోన్‌ను పారేయనక్కర్లేదు.

గుర్తు వచ్చి ఆగిపోతే

లైటు వెలుగుతోంది, కంపెనీ పేరు కనిపిస్తోంది, అక్కడి నుంచి కదలడం లేదు. ఇది సాఫ్ట్‌వేర్ దశ. ఇక్కడ మనిషి చేసే అతి పెద్ద తప్పు తొందరపడి కరెంటు పీకడం.

ఫ్యాక్టరీ రీసెట్ తర్వాత ఫోన్ తన మెమరీలోని భాగాలను చెరిపి, తిరిగి రాసుకుంటూ ఉంటుంది. కొన్ని మోడళ్లలో ఇది రెండు నిమిషాల పని, కొన్నింట్లో కొత్త ఫర్మ్‌వేర్ దింపుకోవడం కూడా కలిస్తే పావుగంట దాకా పడుతుంది. ఆ సమయంలో స్క్రీన్ మీద ఏ కదలికా లేకపోవచ్చు. ఫోన్ బిగుసుకుపోయిందనుకుని వైరు పీకితే, సగం రాసిన సాఫ్ట్‌వేర్‌తో మిగిలిపోతుంది. మళ్లీ కరెంటు ఇస్తే ఆ సగాన్ని చదవలేక మొదటికి వస్తుంది. గడియారం చూసుకుని కనీసం 20 నిమిషాలు ఫోన్‌ను ముట్టకుండా వదిలేయడం కష్టంగా అనిపించినా, అదే సరైన పని.

సిస్కో 7900 సిరీస్ ఫోన్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పెద్ద కంపెనీలు వదిలించుకున్న ఆ ఫోన్లు గట్టివి కాబట్టి సెకండ్‌హ్యాండ్‌లో చిన్న ఆఫీసులకు చేరుతున్నాయి. వీటిలో హ్యాష్ కీ నొక్కి పట్టుకుని కరెంటు ఇచ్చి, లైట్లు వరుసగా వెలిగి ఆరడం మొదలయ్యాక 1 నుంచి 9 దాకా, ఆపైన స్టార్, సున్నా, హ్యాష్ నొక్కితే ఫ్యాక్టరీ రీసెట్ అవుతుంది. ఇంటర్నెట్‌లో ఈ వరుస సులువుగా దొరుకుతుంది. దాంతో పాటు చదవాల్సిన హెచ్చరికను మాత్రం చాలామంది చదవరు. ఆ రీసెట్‌కు ముందు ఆఫీసులో డీహెచ్‌సీపీ, అంటే ఐపీ అడ్రస్‌లు పంచే సేవ పనిచేస్తూ ఉండాలి, అది టీఎఫ్‌టీపీ సర్వర్, అంటే ఫోన్‌కు ఫైళ్లు అందించే సర్వర్ అడ్రస్‌ను ఫోన్‌కు చెప్పాలి, ఆ సర్వర్‌లో ఆ మోడల్ ఫర్మ్‌వేర్ ఫైళ్లు ఉండాలి. 7942 మోడల్ అయితే టర్మ్42 డాట్ డిఫాల్ట్ డాట్ లోడ్స్ అనే పేరున్న ఫైల్‌ను అది వెతుక్కుంటుంది, 7962 అయితే టర్మ్62తో మొదలయ్యేదాన్ని. అవి లేకపోతే అప్‌గ్రేడింగ్ అన్న మాట స్క్రీన్ మీద పెట్టుకుని గంటల తరబడి అడుగుతూనే ఉంటుంది. ఫోన్ చెడిపోలేదు. రావలసిన సామాను కోసం ఎదురుచూస్తోంది.

దీనికి మందు ఉంది. ఒక ల్యాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే టీఎఫ్‌టీపీ సర్వర్ ప్రోగ్రాం పెట్టి, ఆ మోడల్‌కు తగిన ఫర్మ్‌వేర్ ఫైళ్లన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉంచి, డీహెచ్‌సీపీలో 150 నంబర్ ఆప్షన్‌లోనో, 66 నంబర్ ఆప్షన్‌లోనో ఆ ల్యాప్‌టాప్ అడ్రస్ ఇవ్వాలి. ఇంత చేసినా ఫైల్ కదలకపోతే ల్యాప్‌టాప్ ఫైర్‌వాల్‌ను చూడాలి. ఫైల్ కావాలన్న ఫోన్ అభ్యర్థన యూడీపీ 69వ పోర్టు మీద వస్తుంది, విండోస్ ఫైర్‌వాల్ దాన్ని చడీచప్పుడు లేకుండా ఆపేయొచ్చు. టీఎఫ్‌టీపీ ప్రోగ్రాం లాగ్‌లో ఫోన్ ఏ ఫైల్ అడిగిందో పేరుతో సహా కనిపిస్తుంది. ఫోన్ మౌనంగా ఉన్నా, ఆ లాగ్‌లో దాని మాట వినిపిస్తుంది. తిప్పలు పడుతున్న టెక్నీషియన్‌కు దీన్ని మించిన సాయం లేదు.

కీప్యాడ్‌ను కూడా ఒకసారి తుడిచి చూడాలి. కరెంటు ఇచ్చే క్షణంలో ఏదో ఒక కీ నొక్కి ఉంటే రీసెట్ మోడ్‌లోకో, రికవరీ మోడ్‌లోకో పోయేలా చాలా ఫోన్లను తయారు చేశారు. సిస్కో పాత ఫోన్లలో హ్యాష్ కీ, కొన్ని యీలింక్ మోడళ్లలో స్పీకర్ కీ. తాడిపత్రి, బేతంచర్ల లాంటి చోట్ల పాలిషింగ్ యూనిట్ల ఆఫీసుల్లో రాతిపొడి సన్నటి పిండిలా ప్రతి సందులోనూ చేరుతుంది. దానికి టీ చుక్క తగిలితే కీ కింద గట్టిపడుతుంది. పైకి లేచినట్టే కనిపించే కీ లోపల నొక్కుకునే ఉంటుంది. ఒక్కో కీని వేలితో నొక్కి వదిలి, అన్నీ ఒకేలా ఎగిరి వస్తున్నాయా లేదా అని చూస్తే ఇది దొరికిపోతుంది.

లేచింది, కానీ దారి తెలియడం లేదు

మెనూ వస్తోంది కానీ ఐపీ అడ్రస్ తెచ్చుకుంటున్నానన్న మాట దగ్గరే తిరుగుతోందంటే ఫోన్ ఆరోగ్యంగా ఉన్నట్టే. తప్పు నెట్‌వర్క్ వైపు ఉంది.

చాలా ఆఫీసుల్లో మొదట ఫోన్లు పెట్టినవాళ్లు ఒక్కో ఫోన్‌కు చేత్తో ఐపీ అడ్రస్ ఇచ్చి పోయి ఉంటారు. ఏళ్ల తరబడి అది నడిచింది. రీసెట్ అయిన ఫోన్ ఆ అడ్రస్ మరిచిపోయి డీహెచ్‌సీపీని అడుగుతుంది. ఆఫీసులో ఆ సేవే లేకపోవచ్చు. ఉన్నా, బ్రాడ్‌బ్యాండ్ రూటర్ పంచే వంద అడ్రస్‌లను ఉద్యోగుల సెల్‌ఫోన్లు, వచ్చేపోయేవాళ్ల సెల్‌ఫోన్లు తీసేసుకుని ఉండొచ్చు. ఫోన్ తనకు తానే 169.254తో మొదలయ్యే అడ్రస్ పెట్టుకుందంటే, ఎవరూ జవాబివ్వలేదని అర్థం.

ఇంకో చిక్కు వీల్యాన్. పద్ధతిగా పెట్టిన ఆఫీసుల్లో ఫోన్లకు ఒక వీల్యాన్, కంప్యూటర్లకు ఒకటి ఉంటాయి. ఒకే తీగ మీద రెండు వేర్వేరు దారులన్నమాట. ఫోన్ ఏ దారిన పోవాలో స్విచ్ చెప్పొచ్చు, దానికి ఎల్‌ఎల్‌డీపీ అనే పద్ధతి ఉంది. స్విచ్ చెప్పకపోతే ఫోన్‌లో ఆ నంబర్ చేత్తో పెట్టాలి. చేత్తో పెట్టిన ఆఫీసులో రీసెట్ చేశారంటే నంబర్ పోయింది, ఫోన్ కంప్యూటర్ల దారిలోకి పోయింది. అక్కడ దానికి ఐపీ అడ్రస్ కూడా దొరుకుతుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ ఫోన్ సర్వర్ ఆ దారిలో లేదు. పక్క టేబుల్ ఫోన్ స్టేటస్ మెనూ తెరిచి రెండింటి ఐపీ అడ్రస్‌లు పక్కపక్కన రాసి చూస్తే ఈ తేడా కంటికి కనిపిస్తుంది. ఒకటి 192.168.20తో మొదలై, ఇంకోటి 192.168.1తో మొదలైతే, సమస్య దొరికినట్టే.

పాత తరహా స్విచ్‌లలో కేబుల్ పెట్టాక పోర్టు తెరుచుకోవడానికి 30 సెకన్లు పడుతుంది, కేబుళ్లు చుట్టు తిరిగి మళ్లీ అక్కడికే కలిసిన లూపు ఉందేమోనని చూసుకునే స్పానింగ్ ట్రీ పద్ధతి వల్ల. ఈలోపు తొందరపాటు ఫోన్ నాలుగుసార్లు అడిగి ఊరుకోవచ్చు. ఆ పోర్టుకు పోర్ట్‌ఫాస్ట్ ఆన్ చేస్తే ఆ ఆలస్యం పోతుంది.

తర్వాత సెట్టింగుల ఫైల్. ఒక్కో ఫోన్‌కు దాని మ్యాక్ అడ్రస్ పేరుతోనే సర్వర్‌లో ఫైల్ ఉంటుంది. లైనక్స్ సర్వర్‌కు పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు వేర్వేరు. ఫోన్ చిన్న అక్షరాలతో అడిగితే, పెద్ద అక్షరాలతో పేరు పెట్టిన ఫైల్ అక్కడే ఉన్నా లేనట్టే. ఇక తేదీ తంటా. రీసెట్‌తో ఫోన్ గడియారం ఏదో పాత సంవత్సరానికి పోతుంది. సెట్టింగులు హెచ్‌టీటీపీఎస్ మీద ఇచ్చే సర్వర్ సర్టిఫికెట్ చూపిస్తే, ఇది ఇంకా అమల్లోకే రాలేదు కదా అని ఫోన్ తిప్పికొడుతుంది. ఎన్‌టీపీ, అంటే సమయం చెప్పే సేవ, యూడీపీ 123వ పోర్టు మీద ఫైర్‌వాల్ దాటి రాగలుగుతోందా లేదా చూడాలి. సిస్కో ఫోన్లలో ఇంకోరకం సమస్య: పాత సర్వర్ ఇచ్చిన నమ్మకపు జాబితా చెరగకుండా మిగిలిపోతే కొత్త సర్వర్ మాట వినదు. సెక్యూరిటీ మెనూలోకి పోయి ఆ జాబితాను విడిగా చెరిపేయాలి.

పేరు నమోదు కాకపోతే ఆఫీసంతా మూగబోయే ప్రమాదం

ఇక్కడిదాకా వచ్చిన ఫోన్‌కు మిగిలింది ఎక్స్‌టెన్షన్ నంబర్, పాస్‌వర్డ్. ఇది చిన్న మెట్టులాగే కనిపిస్తుంది, కానీ ఒక్క ఫోన్ సమస్యను ఆఫీసు మొత్తం సమస్యగా మార్చే చోటు ఇదే. పాస్‌వర్డ్ సరిగా తెలియక ఊహించి కొడుతూ పోతే ఫోన్ ఆ తప్పు పాస్‌వర్డ్‌తో సర్వర్‌ను మళ్లీ మళ్లీ తడుతుంది. ఆస్టరిస్క్ అనే ఫోన్ ఎక్స్ఛేంజ్ సాఫ్ట్‌వేర్ మీద నడిచే చాలా సర్వర్లలో ఫెయిల్‌2బ్యాన్ అనే కాపలా ఉంటుంది. ఇన్నిసార్లు తప్పు పాస్‌వర్డ్ వస్తే ఆ అడ్రస్‌ను అది మూసేస్తుంది. సర్వర్ హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో క్లౌడ్‌లో ఉందనుకుంటే, అనంతపురం ఆఫీసులోని 15 ఫోన్లూ బయటికి ఒకే పబ్లిక్ ఐపీతో కనిపిస్తాయి. మూసింది ఒక ఫోన్‌ను కాదు, 15 ఫోన్లను. ఆసుపత్రి రిసెప్షన్‌లో ఒక డెస్క్ ఫోన్ బాగుచేస్తుండగా క్యాజువాలిటీ ఫోన్ కూడా మూగబోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. అందుకే సరైన పాస్‌వర్డ్ చేతికి వచ్చేదాకా ఫోన్‌లో ఆ ఎక్స్‌టెన్షన్‌ను డిసేబుల్ చేసి ఉంచాలి.

ఫోన్ వెబ్ పేజీ పాస్‌వర్డ్ కూడా రీసెట్‌తో మొదటికి వస్తుంది. పాలీకామ్ ఫోన్లలో అది 456, చాలా యీలింక్ ఫోన్లలో అడ్మిన్ అనే మాటే పేరు, అదే పాస్‌వర్డ్. గ్రాండ్‌స్ట్రీమ్ కొత్త ఫోన్లలో ఒక్కో ఫోన్‌కు వేరే పాస్‌వర్డ్ స్టిక్కర్ మీద అచ్చు వేసి ఇస్తున్నారు. ఫోన్ లేచిన సంతోషంలో వీటిని అలాగే వదిలేస్తే, నెట్‌వర్క్‌లోకి వచ్చిన ఎవరైనా ఆ ఎక్స్‌టెన్షన్‌తో విదేశాలకు కాల్స్ చేసుకునే దారి తెరిచినట్టు. ఆ బిల్లు ఆఫీసు మీదే పడుతుంది.

ఇవన్నీ చూసినా లేవని ఫోన్‌కు చివరి పరీక్ష మార్పిడి. బాగున్న ఫోన్‌ను తెచ్చి ఇదే కేబుల్‌కు, ఈ ఫోన్‌ను తీసుకెళ్లి ఆ బాగున్న ఫోన్ కేబుల్‌కు. రెండూ చేయాలి. ఒకటి మాత్రమే చేస్తే సగం జవాబే వస్తుంది. బాగున్న ఫోన్ ఇక్కడ లేచి, ఇది అక్కడ కూడా లేవకపోతే, సరైన అడాప్టర్‌తోనూ వెలగకపోతే, అప్పుడు ఫోన్ లోపలే తప్పుందని ధైర్యంగా చెప్పొచ్చు. ఈ మార్పిడి చేయకుండా ఫోన్ చచ్చిందని చెప్పడం ఆఫీసు డబ్బుకు అన్యాయం.

లేచిన ఫోన్ పూర్తిగా దారిలో పడిందో లేదో చెప్పే మంచి గుర్తు స్క్రీన్ మీది గడియారం. యీలింక్ ఫోన్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు చైనా సమయంతో ఉంటాయి. మన ఉదయం 10 గంటలు వాటికి 12:30. ఇంకొన్ని ఫోన్లు గ్రీనిచ్ సమయంతో ఉంటాయి, వాటిలో తెల్లవారుజాము 4:30 అని కనిపిస్తుంది. ఆ తేడా అలాగే ఉందంటే ఐపీ అడ్రస్, ఎన్‌టీపీ అందాయి కానీ ఆఫీసు సెట్టింగుల ఫైల్ ఇంకా చేరలేదని చాలావరకు నమ్మొచ్చు. గడియారం మన సమయం చూపిస్తూ, సెల్‌ఫోన్ నుంచి కాల్ చేస్తే రింగ్ వచ్చి, రెండువైపులా మాట వినిపించి, ఫోన్ వెనక పీసీ పోర్టుకు పెట్టిన కంప్యూటర్‌కు నెట్ వస్తే పని అయిపోయినట్టు. అక్కడితో లేచిపోకుండా, వెబ్ పేజీలోంచి సెట్టింగుల ఫైల్ ఒకటి ఎక్స్‌పోర్ట్ చేసుకుని, మ్యాక్ అడ్రస్, ఎక్స్‌టెన్షన్ నంబర్, స్విచ్ పోర్టు నంబర్, వీల్యాన్ నంబర్ ఒక కాగితం మీద రాసి స్విచ్ ఉండే రాక్ తలుపు లోపలివైపు అంటించి రావాలి.